రెండు మాటలు కలిసిన చోటు

సాహిత్యము చదివినవారికి గణితముతో చుట్టరికము లేదని లోకములో ఒక నమ్మకమున్నది. ఆ నమ్మకమును పెంచి పోషించినవారిలో నేనును ఒకడను. ముప్పది యేండ్లకు దగ్గరగా ఈ బొగ్గుగనుల సీమలో తెలుగు పాఠము చెప్పుచున్నాను. తరగతిలో లెక్కల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల ఒక నవ్వు నవ్వి తప్పించుకొనుట నాకు అలవాటు. పిల్లలును నాతోపాటు నవ్వెడివారు. ఆ నవ్వునకు వెల చెల్లించినవారు వేరొకరని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. ఆ సంగతి చివర చెప్పెదను. ముందు, ఈ వయసులో నన్ను లెక్కల వాకిట నిలువబెట్టిన కథ చెప్పవలెను.

తెలుగు సాహిత్య చరిత్ర బోధించువాడు నన్నయ ప్రకరణము ముగించిన పిమ్మట పావులూరి మల్లన పేరు చెప్పక తప్పదు. అతడు 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కాలమున నుండెనని కొందరు, గ్రంథకర్త ఆ మల్లన కాడు, అతని మనుమడని కొందరు పండితులు వాదించినారు. వాద మెట్లున్నను, సారసంగ్రహ గణితము తెలుగులో వెలసిన తొలి శాస్త్రగ్రంథములలో నొకటి. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున మహావీరాచార్యుడను జైన గణితవేత్త సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము దీనికి మూలము. లెక్కను పద్యములో పొదిగిన తెలుగువాడని మల్లనను రెండు వాక్యములలో మెచ్చుకొని, పరీక్షకు ఇంతమాత్రము చాలునని ముందుకు సాగుట మా ఉపన్యాసకుల ఆచారము.

ఒకనాడు నేనును అట్లే సాగబోవుచుండగా వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ పుస్తకంల లెక్కలు ఎట్లుంటయి? ఒక్కటి చెప్పుండ్రి" అని అడిగినది. బి.ఏ. చదువుచున్న పిల్ల. తండ్రి బాయిలో పనిచేయును. అదృష్టవశమున, 1912లో మద్రాసున రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో ప్రకటించిన మహావీరుని గ్రంథమును ఆ ముందురోజుననే తిరగవేసియుంటిని. అందలి లెక్క యొకటి జ్ఞాపకమునకు వచ్చినది. నల్లబల్లపై వ్రాసినాను.

తొమ్మిది మాదీఫలములు, ఏడు వెలగపండ్లు కలిపి వెల 107. ఏడు మాదీఫలములు, తొమ్మిది వెలగపండ్లు కలిపి వెల 101. ఒక్కొక్క పండు వెల విడివిడిగా ఎంత?

మాదీఫలము వెల 8, వెలగపండు వెల 5 అని జవాబు చెప్పి, తొమ్మిది ఎనిమిదులు 72, ఏడు అయిదులు 35, మొత్తము 107 అని సరిచూపినాను. అంతవరకు బాగుగనే యున్నది. "అది సరే సార్, ఆ ఎనిమిది ఎట్ల దొరికింది?" అని అదే పిల్ల మరల అడిగినది. నాకు నోట మాట రాలేదు. పదవ తరగతిలో నేర్చినదేదో మనస్సులో మసకగా మెదలినది గాని పట్టుకు చిక్కలేదు. క్షణకాలము నా మొగము చూచి, ఆ పిల్లయే మెల్లగా అన్నది.

"రెండు లెక్కలు కలుపుదాం సార్. అవి పదహారు, ఇవి పదహారు, మొత్తం 208 అయితది. అంటే ఒక మాదీపండు, ఒక వెలగపండు కలిపి 13. ఇగ ఒకదాంట్ల నుంచి ఒకటి తీసేద్దాం. రెండు మాదీపండ్లు రెండు వెలగపండ్ల కంటె 6 ఎక్కువ. ఒక్కదానికి 3 ఎక్కువ. కలిపితే 13, తేడా 3. ఎనిమిది, అయిదు."

తరగతి చప్పట్లు కొట్టినది. నేనును కొట్టినాను. ఇంత తెలివిగల దానవు లెక్కలెందుకు వదలినావని గంట ముగిసిన పిమ్మట అడిగినాను. ఆమె చెప్పిన సమాధానము నన్ను ఆ రాత్రి నిద్రపోనీయలేదు. "పదోతరగతిల గ్రాఫు కాడ ఆగిపోయిన సార్. రెండు గీతలు గీయమన్నరు, గీసిన. కలిసిన కాడ సున్న చుట్టమన్నరు, చుట్టిన. మార్కులు గూడ వచ్చినయి. కని ఆ సున్న ఎందుకు చుట్టిన్నో నాకు తెల్వదు. తెల్వకుంట ఇంకెంత దూరం పోతం అని భయమయింది."

ఎందుకు చుట్టితినో తెలియదు! అర్థము తెలియకుండ పద్యము వల్లించిన పిల్లవానిని నేను కోపించుదును. అర్థము తెలియకుండ గీత గీచుటయు అంతకంటె వేరు కాదు గదా. ఆ సాయంకాలము మా గణితోపన్యాసకుల యింటికి పోయి, గ్రాఫు కాగితము ముందిడుకొని, విద్యార్థివలె కూర్చున్నాను. ఆయన చెప్పినది, నేను తెలిసికొన్నది, నావంటి భాషాప్రియులైన పాఠకులకు నా మాటలలో నివేదించెదను.

మొదటి మాటను మాత్రమే తీసికొందము. తొమ్మిది మాదీఫలములు, ఏడు వెలగపండ్లు కలిపి 107. ఇంతమాత్రముచేత వెల తెలియునా? తెలియదు. మాదీఫలము రూపాయి యైనచో వెలగపండు 14 కావచ్చును. మాదీఫలము 4 రూపాయల 50 పైసలైనచో వెలగపండు 9 రూపాయల 50 పైసలు కావచ్చును. మాదీఫలము 8 అయినచో వెలగపండు 5. ఇవన్నియు ఆ మాటకు సరిపడు జవాబులే. పావులా, అర్ధ, ఇంకను సూక్ష్మమైన వెలల నంగీకరించినచో ఇట్టి జవాబులకు అంతములేదు. అంతము లేనన్ని జవాబులు గల ప్రశ్నకు జవాబు లేనట్లే యని మనము విసుగుకొందుము. గణితజ్ఞుడు విసుగుకొనడు. అన్ని జవాబులను ఒక్కచోట చూపుము అనును.

అందులకే ఆ చదరముల కాగితము. అడ్డముగా మాదీఫలము వెల, నిలువుగా వెలగపండు వెల కొలుచుకొని, ఒక్కొక్క జవాబునకు ఒక్కొక్క చుక్క పెట్టవలెను. అడ్డముగా ఒకటి, నిలువుగా 14, అచ్చట ఒక చుక్క. అడ్డముగా 8, నిలువుగా 5, అచ్చట ఒక చుక్క. నాలుగున్నర, తొమ్మిదిన్నర వద్ద మరియొకటి. పెట్టిన చుక్కలన్నియు ఒకే తిన్నని గీతపై నిలిచినవి. ఇది నాకు వింతగా తోచినది. ఏల తిన్నగా నుండవలె నని అడిగినాను. ఆయన నవ్వి, మాదీఫలము వెల 7 పెరిగినచో, మొత్తము మారకుండుటకై వెలగపండు వెల 9 తగ్గవలెను. ఎచ్చటినుండి మొదలుపెట్టినను బేరము ఇదే. అడుగడుగునకు ఒకే వాలు గలది వంకర యెట్లగును అన్నాడు. రేఖీయ సమీకరణమను పేరులోని రేఖ యిదే. ఆ గీత యొక బొమ్మ కాదు. అది ఒక మాట. ఆ మాటను నిజము చేయగల జవాబు లన్నియు దానిపై వరుసకట్టి నిలుచున్నవి. గీతపై లేనిది ఆ మాటకు అబద్ధము.

ఇప్పుడు రెండవ మాట. ఏడు మాదీఫలములు, తొమ్మిది వెలగపండ్లు 101. దీనికిని ఒక గీత. మూడున్నర, ఎనిమిదిన్నర వద్ద ఒక చుక్క. పన్నెండున్నర, ఒకటిన్నర వద్ద ఒక చుక్క. రెంటిని కలిపిన గీత తిన్నగా పోయి మొదటి గీతను ఒకచోట తాకినది. అడ్డముగా 8, నిలువుగా 5. మొదటి గీతపై నున్నవి మొదటి మాటకు నిజములు. రెండవ గీతపై నున్నవి రెండవ మాటకు నిజములు. రెండు మాటలకును నిజమైనది ఆ కాగితము మొత్తముమీద ఒక్కటే, గీతలు కలిసిన ఆ చోటు. సున్న చుట్టునది దాని చుట్టు. (వెలలు పూర్ణసంఖ్యలుగనే యుండవలెనని పట్టుపట్టినచో ఈ లెక్కలో రెండవ మాట ఒక్కటియే చాలును. ఆ విద్య వేరు. దానిని మన పూర్వులు కుట్టక మన్నారు.)

మహావీరాచార్యుడు ఈ గీతలు గీయలేదు. సమీకరణమును రేఖగా చూచు దృష్టి 1637లో ఫ్రెంచి తాత్త్వికుడు డెకార్ట్ ప్రకటించిన జ్యామితి గ్రంథముతోను, అతని సమకాలికుడైన ఫెర్మా రచనలతోను ఐరోపాలో స్థిరపడినది. దానికి ఎనిమిది శతాబ్దులకు ముందే మహావీరుడు సూత్రము చెప్పినాడు. పెద్ద వెలను పెద్ద సంఖ్యతోను, చిన్న వెలను చిన్న సంఖ్యతోను గుణించి, భేదము తీసి, దానిని ఆ సంఖ్యల వర్గముల భేదముతో భాగింపుమన్నాడు. 107ను తొమ్మిదితో గుణించిన 963, 101ని ఏడుతో గుణించిన 707, భేదము 256. తొమ్మిది వర్గము 81, ఏడు వర్గము 49, భేదము 32. 256ను 32తో భాగింప 8. గీతలు లేకయే గీతలు కలియు చోటు దొరికినది. ఆ 32ను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో ముందు పని యున్నది.

చీనా దేశమువారు ఇట్టి లెక్కలను అంతకు పూర్వమే పుల్లలను వరుసలుగా పేర్చి సాధించినారు. 263లో ల్యూ హ్వే వ్యాఖ్య వ్రాసిన వారి తొమ్మిది అధ్యాయముల గణితగ్రంథములో ఒక అధ్యాయమంతయు దీనికే కేటాయింపబడినది. మనవారు బీజగణితమునకు అవ్యక్తగణిత మని మరియొక పేరు పెట్టినారు. వ్యక్తము కానిదానికి పేరు పెట్టి, దానిని వ్యక్తము చేయుట. అవ్యక్తములు ఒకటికంటె ఎక్కువైనచో వానికి రంగుల పేర్లు పెట్టుట ఆచారము. మొదటిది యావత్తావత్తు, అనగా ఎంతయో అంత. రెండవది కాళకము, అనగా నలుపు. తరువాత నీలకము, పీతకము. ఈ నల్లబంగారు సీమలో రెండవ అవ్యక్తము పేరు నలుపని తెలిసికొని నేను సంతోషించినాను.

1150లో భాస్కరాచార్యుడు బీజగణితమున ఇద్దరు మిత్రుల సంభాషణగా ఒక లెక్క యిచ్చినాడు. నీ వద్ద నుండి నూరు ఇత్తువేని నీకంటె రెట్టింపు ధనవంతుడ నగుదు నని ఒకడు. నీవు పది యిత్తువేని నీకంటె ఆరురెట్లు ధనవంతుడ నగుదు నని రెండవవాడు. మొదటివాని మాట మాత్రము విన్నచో ఎవని వద్ద ఎంత యున్నదో తెలియదు. రెండవవాని మాట మాత్రము విన్నను తెలియదు. ఇద్దరి మాటలను విన్నచో మొదటివాని వద్ద 40, రెండవవాని వద్ద 170 అని తేలును. ఇద్దరి మధ్య ధర్మము చెప్పవలసినవాడు ఇద్దరి మాటలు వినవలెనను న్యాయము లెక్కలోనును ఉన్నది.

ఇక మన ఊరికి వత్తము. ఇంగ్లండులో 1886లో ఏర్పడిన హైదరాబాదు (దక్కను) కంపెనీ ఇల్లందు ప్రాంతమున బొగ్గు త్రవ్వు హక్కు పొందినది. దాని వారసత్వమున 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదైనది. నేడు అది రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వముల ఉమ్మడి సంస్థ. రామగుండమున 1983లో విద్యుదుత్పత్తి నారంభించిన ఎన్.టి.పి.సి. కేంద్రము 2,600 మెగావాట్ల సామర్థ్యమునకు ఎదిగినది. గనుల బొగ్గు ప్రత్యేకమైన రైలుమార్గముపై దానికి చేరును. బొగ్గంతయు నల్లగనే యుండును గాని కాల్చిన పిమ్మట మిగులు బూడిద అన్నిటికి ఒకటి కాదు. కనుక రెండు రకముల బొగ్గును కలిపి కావలసిన పాలు తెచ్చుకొనుట బొగ్గు వ్యవహారములో సామాన్యమైన పని. మా గణితోపన్యాసకులు నాకు మిగిలిన పాఠమంతయు ఈ కలుపుటలోనే చెప్పినారు. అంకెలు మాత్రము కాగితముపై కల్పించుకొన్నవి.

ఒక రకపు బొగ్గు నూరు టన్నులకు 30 టన్నుల బూడిద మిగుల్చును. రెండవ రకము 40 మిగుల్చును. కలిపిన నూరు టన్నులకు 34 టన్నుల బూడిద మాత్రమే మిగులవలెను. ఏది ఎంత పోయవలెను? మొదటి మాట, రెండును కలిసి 100 టన్నులు. రెండవ మాట, రెండింటి బూడిద కలిసి 34 టన్నులు. రెండు గీతలు గీచినచో అడ్డముగా 60, నిలువుగా 40 వద్ద కలియును. 60 టన్నులలో బూడిద 18, 40 టన్నులలో 16, మొత్తము 34. సరిపోయినది.

ఇప్పుడు రెండు రకములును 40 బూడిదవే యనుకొందము. కావలసినది 34 మాత్రమే. మొదటి గీత నూరు నుండి నూరునకు పోవును. రెండవ గీత 85 నుండి 85నకు పోవును, ఏలయన ఆ బొగ్గు 85 టన్నులకే 34 టన్నుల బూడిద తేలును. రెండు గీతలును ఒకే వాలున, రైలుపట్టాలవలె, ఎంతదూరము సాగినను కలియక పోవుచుండును. జవాబు లేదు. చెడ్డదానిని చెడ్డదానితో ఎట్లు కలిపినను మంచిది కాదని ఇల్లాలికి వేరే చెప్పనక్కరలేదు. గ్రాఫు ఆ మాటనే రెండు సమాంతర రేఖలతో చెప్పినది. పాఠ్యపుస్తకము దీనిని అసంగత మనును.

రెండు రకములును 34వే యైనచో? అప్పుడు రెండవ మాట మొదటి మాటయే. గీతపై గీత పడినది. ఎట్లు కలిపినను సరియే, జవాబు లనంతము. ఇది సౌఖ్యముగా తోచును గాని, ఏది ఎంత పోసితిమని ఎవరైన అడిగినచో చెప్పలేము. ఒక మాటను రెండుసార్లు చెప్పినంతమాత్రమున రెండు సాక్ష్యములు కావు.

మరియొక విచిత్రము. 30, 40 బూడిదల బొగ్గులనే కలిపి 28 కావలె నన్నచో గీతలు కలియకపోవు, కలియును. ఎచ్చట? మొదటిది 120, రెండవది 20కి ఋణము. కాగితముపై జవాబున్నది. బొగ్గు కుప్పవద్ద లేదు. పోయని బొగ్గును 20 టన్నులు తీసివేయుట ఎవరి తరము? గీతలు కలిసినవి గదా యని సున్న చుట్టి ఊరకుండరాదు. కలిసిన చోటు మనము నిలువగల నేలయేనా యని చూడవలెను.

ఇప్పుడు ఆ 32ను జ్ఞాపకము చేసికొందము. మహావీరుని సూత్రములో భాగించు సంఖ్య అది. బొగ్గు లెక్కలో ఆ స్థానమున నున్నది 40కి 30కి భేదమైన 10. రెండు రకములును ఒకటే యైనప్పుడు అది సున్న యగును. సున్నతో భాగింపలేము. గీతలు సమాంతరములైనను, ఒకటిగా కలిసిపోయినను, ఆ భాజకము సున్న యగుటయే గుర్తు. గీతలు గీయకముందే, జవాబు వెదకకముందే, ఈ ఒక్క సంఖ్య చెప్పును, ఈ రెండు మాటలు నిజముగా రెండు మాటలేనా కాదా యని.

సున్న కాదు గాని సున్నకు దగ్గరగా నున్నచో ఏమగును? ఇది అన్నిటికంటె ప్రమాదమైన సంగతి. ఒక రకము 34, రెండవది 35, కావలసినది 34.5. జవాబు చెరి 50 టన్నులు. ఇప్పుడు కొలతలో చిన్న పొరపాటు దొరలి, మొదటిది 34 కాక 34.2 అని తరువాత తేలినదనుకొందము. రెండవది 50 కాదు, 37.5 టన్నులు మాత్రమే పోయవలసియుండెను. 30, 40 బొగ్గుల లెక్కలో అంతే పొరపాటు దొరలి 30 కాక 30.2 అయినచో 40 టన్నులు 38.8కి తగ్గును, అంతే. పొరపాటు ఒక్కటియే. ఒకచోట జవాబు కొంచెము కదలినది. ఒకచోట పండ్రెండున్నర టన్నులు కూలినది. గీతలు దాదాపు ఒకే వాలున పోవునప్పుడు వాని కలయిక దూరము నుండి స్పష్టముగనే కనబడును. దగ్గరకు పోయినచో ఎచ్చట కలిసినవో పెన్సిలు ముక్కుతో చూపలేము.

ఈ సంగతి మా పొరుగున నున్న, పదవీవిరమణ చేసిన గని సర్వేయరుగారికి చెప్పగా ఆయన, "గది మాకు మొదటి పాఠం సార్" అన్నారు. తెలిసిన రెండు చోట్లనుండి తెలియని చోటును థియోడొలైటుతో చూచి, రెండు గీతలు కలిసినచోట దానిని పటముపై గుర్తించుట వారి విద్య. ఆ గీతలు సన్నని కోణమున కలిసినచో ఆ గుర్తును నమ్మరాదు. వెలుతురు లేని చోట, నేల క్రింద, ఎవరును తలయెత్తి ఆనవాలు చూడలేని చోట, ఆ పటమే కన్ను. నీరు నిలిచిన పాత పనుల దరిదాపులకు, 60 మీటర్ల లోపునకు, ముందస్తు అనుమతి లేనిదే త్రవ్వకము పోరాదని గనుల నిబంధన. ఆ 60 మీటర్లు నేలపై ఎవరును గీచిన గీత కాదు. పటముపై గీతలు కలిసిన చోటులనుబట్టి తేలు దూరము. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు మరణించినారు. ఆ ప్రమాద కారణముల విచారణ ఈ వ్యాసమునకు సంబంధించినది కాదు. ఈ ఊరిలో గీతలు, కొలతలు అనునవి పరీక్ష మార్కుల సంగతి మాత్రమే కావని చెప్పుటకు జ్ఞాపకము చేసితిని. ఆ పేరు తలచినప్పుడు సర్వేయరుగారు కొంతసేపు మాటలాడలేదు.

ఇక నేను మొదట దాచిన సంగతి. ఇరువది యేండ్ల క్రిందట నా వద్ద ఒక పిల్లవాడు ఇంటర్మీడియటులో చేరుటకు ముందు సలహాకై వచ్చినాడు. బాయి కార్మికుని కుమారుడు. పద్యము చదివినచో వినవలెననిపించు గొంతు. లెక్కల గ్రూపులో చేరుదునా, తెలుగు ముఖ్యముగా చదువుదునా యని అడిగినాడు. "పద్యము నింత చక్కగా చదువువాడవు, నీకు లెక్కలెందుకురా" అని నేను నవ్వినాను. అతడును నవ్వి నా మాట విన్నాడు. సర్వేయరు కావలెనని అతని కోరిక యని నాకు తెలియదు. అతడు చెప్పబోవుటయు, నేను వినకపోవుటయు జరిగినవని ఇప్పుడు జ్ఞాపకము వచ్చుచున్నది. ఆ చదువునకు గణితము తప్పనిసరి. తరువాత కొంత ప్రయత్నించి, సాగక, తండ్రి స్థానమున జనరల్ మజ్దూరుగా బాయిలో చేరినాడు. ఒకనాడు చౌరస్తాలో కలిసి తానుగనే చెప్పినాడు. కోపము లేదు. "మీరు చెప్పిండ్రని వదిలిన సార్" అన్నాడు. అంతే.

బాయి పని తక్కువ పని యని నా భావము కాదు. ఆ పనిమీద బ్రతుకుచున్న ఊరు మాది. కాని అతడు కోరుకొన్న పని అది కాదు. అతని విషయమున నేను ఒక్క మాట విన్నాను, పద్యమనిన ఇతనికి ప్రీతి యని. ఆ ఒక్క గీతపై నాకు తోచిన చోట చుక్క పెట్టి, ఇదే నీ జీవితమని సున్న చుట్టినాను. రెండవ మాట అతని నోటనే యున్నది. అడుగలేదు. ఒక గీతపై అనంతమైన చోటులుండును. వానిలో ఏది నిజమో రెండవ గీత వచ్చువరకు ఎవరికిని తెలియదు. మహావీరుడు పండ్ల వెలకు కూడ రెండు మాటలు కావలెనన్నాడు. నేను ఒక బాలుని భవిష్యత్తుకు ఒక్కటి చాలుననుకొన్నాను.

తరువాతి వారము గ్రాఫు కాగితము తరగతికి తీసికొనిపోయి మాదీఫలముల లెక్కను రెండు గీతలుగా గీచి చూపినాను. తెలుగు తరగతిలో గ్రాఫు కాగితము చూచి పిల్లలు మొదట నవ్వినారు. ఈసారి నేను నవ్వలేదు. ఆ అమ్మాయి కాగితము తీసికొని, తానే మరల గీచి, కలిసిన చోట సున్న చుట్టి, ప్రక్కన తెలుగులో చిన్న అక్షరములతో, ఇక్కడ రెండు మాటలు నిజం అని వ్రాసినది. పోటీ పరీక్షలకు కావలసిన లెక్కలు నేర్చుకొనుటకు ఇప్పుడు మా గణితోపన్యాసకుల వద్దకు సాయంకాలములందు పోవుచున్నది. పావులూరి మల్లనకు నేను రెండు వాక్యములు కాక రెండు తరగతులు కేటాయించుచున్నాను.

మొన్నటి ఆదివారము, మొదటి షిఫ్టు నుండి వచ్చు వేళ కనిపెట్టి, ఆ పాత శిష్యుని యింటికి పోయినాను. అతని కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. తండ్రి గొంతే వచ్చినది. ఒక పద్యము చదివి వినిపించినాడు. తండ్రి నా వైపు చూచి, "మరి వీణ్ణి ఏం చదివిద్దాం సార్" అని అడిగినాడు. నేను సలహా చెప్పలేదు. పిల్లవానిని దగ్గరకు పిలిచి, నీకేది ఇష్టమని ఒక ప్రశ్న, నీవేమి కావలెననుకొనుచున్నావని ఒక ప్రశ్న, రెండు ప్రశ్నలు అడిగి, వాడు చెప్పువరకు కూర్చున్నాను.